తాటాకు మీది చుక్కలు

అనగనగా, పాటలు నోటికే తప్ప పుస్తకానికి ఎక్కని రోజుల్లో, తుంగపాడు అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేతుడు సంగీతమంటే చెవి కోసుకునేవాడు. ఆయన కొలువులో పదిమంది గాయకులు. అందరిలోకీ చిన్నది వకుళ.

ఆ కొలువులో తాతల నాటి వింత ఆచారం ఒకటుంది. "నాకు తెలియదు" అన్న గాయకులు అప్పటికప్పుడు తమ కొలువు శాలువా మడిచి సింహాసనం ముందు పెట్టి ఇంటికి పోవాలి. ఇంకేముంది, ఆ మాట ఎవరి నోటా పుట్టేది కాదు. అందరూ అన్నీ తెలిసినవాళ్లే.

ఒకరోజు రాజమాత పాత భోషాణంలో ఒక తాటాకు దొరికింది. రాజుకు ఐదేళ్లప్పుడే కన్నుమూసిన ఆ తల్లి, తాను రోజూ పాడే జోలపాటను రాయించిన ఆకు అది. దాని మీద మాటలు లేవు. స, రి, గ, మ అంటూ స్వరాలే. వాటి పైనా కిందా చుక్కలు, నడుమ తోకల్లా సాగిన గీతలు, అక్కడక్కడ నిలువు గీతలు.

"అమ్మ ముఖం గుర్తులేదు, గొంతూ గుర్తులేదు," అన్నాడు రాజు. "పాటైనా వినాలని ఉంది. మూడు రోజులు చూస్తాను. ఎవరికీ చేతకాకపోతే ఏట్లో కలిపేస్తాను. చదవలేని ఆకును చూసుకుంటూ ఏడవలేను."

మొదటి రోజు పెద్ద గాయకుడు విరూపాక్షయ్య ఆకు అందుకున్నాడు. "ఈ చుక్కలు పురుగు తిన్న గుర్తులు ప్రభూ," అని వాటిని వదిలేసి పాడాడు. పాట మిట్టాపల్లం లేని చేనులా చదునుగా సాగింది. రాజు తల అడ్డంగా ఊపాడు.

రెండో రోజు కేదారుడు వచ్చాడు. "ఈ గీతలు గంటం జారి పడ్డవి," అన్నాడు. ఎక్కడా ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా పాడేశాడు. జోలపాట కాస్తా గుర్రపు పరుగైంది. రాజు ఇక చాలన్నట్టు చెయ్యెత్తాడు.

మూడో రోజు మిగతావాళ్లెవరూ ముందుకు రాకపోవడంతో వంతు వకుళకు వచ్చింది. ఆకు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ గుర్తులేమిటో ఆమెకూ తెలియదు. ఏదో ఒకటి పాడేస్తే శాలువా నిలుస్తుంది, కానీ ఒక తల్లి పాట ఏటిపాలవుతుంది.

"నాకు తెలియదు ప్రభూ," అంది. "సాయంత్రం దాకా గడువిస్తే తెలిసినవాళ్లను అడిగి వస్తాను."

సభ గుసగుసలాడింది. రాజు సరేనన్నాడు. వకుళ శాలువా మడిచి పెట్టి, ఆకు పట్టుకుని బయలుదేరింది.

ఆకు అంచున రాసినవాడి పేరుంది. సింగన్న. ఊరి చివర ఇంకా బతికే ఉన్నాడు, చూపు మాత్రం పోయింది.

"ఇవి పురుగు తిన్న చుక్కలా తాతా?" అని అడిగింది.

ముసలాయన ఆకును వేళ్లతో తడిమాడు. "పురుగు తొలిస్తే వెనక్కి తూటు పడుతుంది తల్లీ. వెనక తడిమి చూడు, నున్నగా లేదూ? ఇది నా గంటం పెట్టిన చుక్క. స్వరం పైన చుక్కుంటే గొంతు పై స్థాయికి ఎక్కాలి. కింద ఉంటే కింది స్థాయికి దిగాలి. నిలువు గీత దగ్గర తాళం పడాలి."

"మరి ఈ తోక గీతలు?"

"అక్కడ ఆగాలి. గీతకు ఒక చిటికె వేసేంతసేపు. ఇదిగో, ఇక్కడ వరసగా ఎనిమిది. ఎందుకన్ని అని నేను అడగలేదు. ఆమె పాడింది, నేను గీశాను."

వకుళ ఆకును వెలుగుకు ఎదురుగా పట్టి చూసింది. ఎన్నడో మూగబోయిన గొంతు ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో, ఎక్కడ ఊరుకుందో అంతా ఈ జానెడు ఆకులో ఉంది. ఆవగింజంత చుక్కకు ఇంత శక్తా అనుకుంటే ఆమె ఒళ్లు జలదరించింది. పొద్దు వాలేదాకా తాత పక్కనే కూర్చుని దిద్దుకుంది.

సాయంత్రం సభలో పాడింది. చుక్క ఎక్కమన్నచోట ఎక్కింది, దిగమన్నచోట దిగింది. ఎనిమిది తోక గీతల దగ్గర ఆగింది.

ఆ నిశ్శబ్దంలో రాజు సింహాసనం దిగి వచ్చాడు. ఆయన చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి.

"ఇక్కడే ఆగేది మా అమ్మ," అన్నాడు మెల్లగా. "నేను పడుకున్నానేమోనని వంగి చూసేది. నేను దొంగనిద్ర పోయేవాణ్ణి. అది కనిపెట్టి నవ్వేది. ఆ నవ్వుముఖం ఇప్పుడు కనబడుతోంది. పాడమ్మా, మళ్లీ అందుకో."

వకుళ అందుకుంది. చివరి నిలువు గీత దాకా పాడింది.

మడిచిన శాలువాను తిరిగి వకుళకు కప్పి, ఆ పాత ఆచారాన్ని రాజు ఆ పూటే ఎత్తేశాడు. మర్నాడు విరూపాక్షయ్య మొదలు గాయకులందరూ సింగన్న అరుగు మీద బుద్ధిగా కూర్చుని చుక్కలు దిద్దుకున్నారు.

తెలియనిదాన్ని తప్పని కొట్టిపారేసేవాడికి ఏ విద్యా దక్కదు. తెలియదని ఒప్పుకుని అడిగేవాడికి అన్నీ దక్కుతాయి.