చూడకుండా పెట్టిన సంతకం

చినమెరక పురపాలక సంఘంలో దక్షిణామూర్తి అనే ఇంజనీరు ఉండేవాడు. లంచం ముట్టేవాడు కాదు, పని ఆలస్యం చేసేవాడు కాదు, కానీ ఫైలు తన బల్ల మీద నుంచి కదిలిందంటే చాలు, ఆ పని అయిపోయినట్టే అనుకునేవాడు.

ఒక ఏడు, వానలు మొదలవకముందే ఊరి పెద్ద కాలువను వెడల్పు చేయాల్సి వచ్చింది. కాలువ గట్టు మీద ఇరవై రెండు గుడిసెలు ఉండేవి. వాటిని తీసేసి, ఆ కుటుంబాలకు ఊరి అవతల ఇళ్లు కట్టివ్వాలని కౌన్సిల్ తీర్మానించింది. ఇళ్లు సిద్ధమయ్యేదాకా మూడు నెలలపాటు వాళ్లను హైవే పక్కన ఖాళీగా పడి ఉన్న ఎరువుల గోడౌన్‌లో ఉంచుదామన్నారు. ఆ చోటు మనుషులు ఉండటానికి పనికొస్తుందో లేదో చూసి రాయాల్సినవాడు దక్షిణామూర్తి. ఆ రోజు అతనికి రెండు సమావేశాలు ఉన్నాయి. కింది ఉద్యోగి ఈశ్వర్ కాగితం తయారు చేసి తెచ్చాడు.

"నువ్వు లోపలికి వెళ్లి చూశావా?" అని అడిగాడు దక్షిణామూర్తి.

"గేటు దగ్గర నుంచి చూశాను సార్. పైకప్పు బాగానే ఉంది. తాళంచెవి దొరకలేదు."

"మూడు నెలలకే కదా" అన్నాడు దక్షిణామూర్తి. 'నివాసానికి తగిన చోటు' అని రాసి ఉన్న వాక్యం కింద సంతకం పెట్టాడు.

మూడు నెలలు కాస్తా ఎనిమిది నెలలయ్యాయి. నిజానికి ఇళ్లు అయిదో నెలలోనే పూర్తయ్యాయి. వాటిని మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభించాలని చైర్మన్ పట్టుబట్టాడు. మంత్రిగారికి తీరిక దొరకలేదు. ఇళ్లకు తాళాలు అలాగే ఉండిపోయాయి.

గోడౌన్‌కు ఒక్క కిటికీ లేదు. ఉన్నదల్లా ఇనుప షట్టరు. ఒక కుటుంబానికీ ఇంకో కుటుంబానికీ మధ్య పాత చీరలే గోడలు. నేల తడిస్తే ఎరువుల వాసన పైకి లేచి పిల్లల కళ్లు మండేవి. మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు హైవే దాటి అవతల ఉన్న బస్టాండుకు వెళ్లి వచ్చేవారు.

ఆ కుటుంబాల్లో దాలమ్మ అనే ఆవిడ ఉండేది. హోటల్లో గిన్నెలు కడిగి కూతురు సంతోషిని పదో తరగతి చదివిస్తోంది. అర్జీలు తీసుకునే సోమవారాల్లో ఆమె మూడుసార్లు ఆఫీసుకు వచ్చింది.

"బాబూ, ఒకపాలి వచ్చి చూడండి. చూశాక మీరేం చెప్పినా వింటాం" అంది.

"తాత్కాలికమే కదమ్మా. ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి" అన్నాడు దక్షిణామూర్తి.

"పిల్లలు ఆ రోడ్డు దాటలేకపోతున్నారు బాబూ."

"రాసుకున్నానమ్మా."

నిజంగానే రాసుకున్నాడు. ఆ కాగితం ఫైల్లోకి వెళ్లింది.

తరువాతి గురువారం ఉదయం, బడికి వెళ్లే ముందు, సంతోషి బస్టాండుకు వెళ్లడానికి రోడ్డు దాటుతుండగా లారీ గుద్దింది. ప్రాణం దక్కింది. కుడి కాలు మోకాలి కిందికి తీసేయాల్సి వచ్చింది.

ఏం జరిగిందో కౌన్సిల్ వారంలోగా చెప్పాలని కలెక్టర్ ఆదేశించాడు. చైర్మన్ దక్షిణామూర్తిని తన గదికి పిలిచాడు.

"తప్పు లారీ డ్రైవరుది. మన వైపు అంటారా, చూసి కాగితం రాసింది ఈశ్వర్. అతన్ని సస్పెండ్ చేస్తే సరిపోతుంది. మీ సర్వీసుకు మచ్చ రాదు" అన్నాడు.

దక్షిణామూర్తి బయటికి వచ్చి నేరుగా గోడౌన్‌కు వెళ్లాడు. లోపల అడుగుపెట్టగానే దగ్గు తెర వచ్చింది. చీరల మధ్య నుంచి ఒంగి నడుస్తూ చివరిదాకా వెళ్లాడు. ఆసుపత్రికి అన్నం పట్టుకెళ్లడానికి వచ్చిన దాలమ్మ క్యారియర్ సర్దుతోంది. ఆమె తిట్టలేదు. కూర్చోమని పీట వేసింది.

"ఇదివరకు ఎప్పుడొచ్చారు బాబూ?"

"రాలేదమ్మా."

"మరి ఉండొచ్చని సంతకం పెట్టింది మీరేనట కదా."

"నేనే. చూడకుండా పెట్టాను."

దాలమ్మ క్యారియర్ మూత బిగించింది. "ఆ ముక్క అక్కడ కూడా చెప్తారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

కౌన్సిల్ సమావేశం రోజు హాలు నిండిపోయింది. గోడౌన్ కుటుంబాలు వెనక నిలబడ్డాయి. ఈశ్వర్ తలుపు పక్కన తల దించుకుని ఉన్నాడు. దక్షిణామూర్తి లేచాడు.

"ఈశ్వర్ లోపలికి వెళ్లలేదని నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను. దాలమ్మగారు మూడుసార్లు రమ్మన్నారు, వెళ్లలేదు. కట్టిన ఇళ్లు మూడు నెలలుగా తాళాలు వేసి ఉన్నాయి, అదీ నాకు తెలుసు. అడగలేదు. ఈ తప్పు నాది. తాళాలు తీయనివ్వని ఈ కౌన్సిల్‌ది కూడా" అన్నాడు.

చైర్మన్ కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు కలెక్టర్‌కు చేరాయి. మూడో రోజున ఏ సభా, ఏ రిబ్బనూ లేకుండా ఇళ్ల తాళాలు తీశారు. ప్రారంభం కోసం ఇళ్లు ఆపి ఉంచినందుకు చైర్మన్ కలెక్టర్ ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. సంతోషి వైద్యం, చదువు పురపాలక సంఘమే చూసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. దక్షిణామూర్తి సస్పెండయ్యాడు.

కొన్నాళ్లకు అతను దాలమ్మ కొత్త ఇంటికి వెళ్లాడు. సంతోషి మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పక్కన చంకకర్ర ఉంది.

"నిజం చెప్పారు బాబూ, దానికి దండం. కానీ మొదటి రోజే వచ్చి చూసుంటే మా పిల్ల నడిచి బడికెళ్లేది" అంది దాలమ్మ.

దక్షిణామూర్తి ఏడాది తరువాత మళ్లీ ఉద్యోగంలో చేరాడు. అప్పటి నుంచి మనుషులు ఉండబోయే ఏ చోటైనా లోపలికి వెళ్లి, అక్కడ ఒక పూట గడిపితే గాని కలం తీసేవాడు కాదు. ఆలస్యమవుతోందని పైవాళ్లు విసుక్కున్నా ఊరుకునేవాడు.

నీతి: నిలువ నీడ లేనివారికి చోటు చూపించేవారు ముందుగా ఆ చోటును తమ కళ్లతో చూడాలి, చూడకుండా పెట్టిన సంతకం వల్ల జరిగిన కీడుకు జవాబు తామే చెప్పాలి, దాన్ని కిందివారి మీదికి నెట్టకూడదు.