గుల్లయ్య తిన్న చప్పిడి ముద్ద

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకాలు అనే పిల్ల ఉండేది. ఊ కొట్టు తల్లీ, లేకపోతే నాకే నిద్రొచ్చేస్తుంది.

ఆ నూకాలుకి వాళ్ళ మేనమామ ఒక పీతని తెచ్చిచ్చాడు. కూరొండుకునే పీత కాదులే, నీకెప్పుడూ తిండి గోలే. ఇది ఖాళీ గుల్ల వెతుక్కుని అందులో దూరి కాపురం చేసే బుల్లి పీత. ఎక్కడికెళ్ళినా ఇల్లు వీపు మీదే. నూకాలు దానికి గుల్లయ్య అని పేరు పెట్టి, తడి ఇసక పోసిన గాజు తొట్టెలో ఉంచింది.

వాళ్ళింట్లో ఒక పట్టింపు. ఇంటికి ఎవరొచ్చినా ఉప్పు తగిలిన తిండి పెట్టాల్సిందే. ఉప్పు తిన్నవాడు ఆ ఇంటిని మరిచిపోడంటారు. గుల్లయ్య తనని మరిచిపోకూడదని నూకాలు ముందు ఆవకాయ ముద్ద పెట్టింది. వాడు దగ్గరికే రాలేదు. అప్పుడు ఉల్లిపాయ పెసరట్టు పెట్టింది. మీసాలతో తడిమి వెనక్కి పోయాడు. ఆ తర్వాత, సముద్రం పిల్లాడు కదా అని ఉప్పుచేప వేపుడు పెట్టింది. కాస్త కొరికి గుల్లలోకి ముడుచుకుపోయాడు. మరి బయటికి రాలేదు.

వాళ్ళ నాన్న పైడిరాజు అది చూశాడు. "మన చేతుల్లో ఆకలితో చస్తే పాపం అమ్మా. సాయంత్రం నేనొచ్చేసరికి తినకపోతే ఒడ్డున వదిలేద్దాం" అని పనికెళ్ళిపోయాడు. అంత నీరసంగా ఉన్నదాన్ని వదిలితే కాకులు ఊరుకుంటాయా? నూకాలు వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది పాపం.

అప్పుడు వాళ్ళమ్మ పొయ్యి దగ్గర చంటి తమ్ముడికి బువ్వ తీస్తోంది. పప్పులో ఉప్పూ కారం పడకముందే, పోపు వేయకముందే వాడి ముద్ద పక్కకి తీసేది. నూకాలు ఏడుపు ఆపి అటే చూసింది. తమ్ముడి నాలుక్కే ఇంత జాగ్రత్తయితే, వేలెడంత లేని గుల్లయ్య మాటేమిటి అనుకుంది. బుర్రంటే అదీ.

వెంటనే లేచింది. పులుసులో వేయకముందే ఒక చేపముక్క అడిగి అమ్మ చేత చప్పగా ఉడికించి, ముల్లు తీసి చిదిమింది. ఆ తర్వాత కొబ్బరీ క్యారెట్టూ సన్నగా తురిమింది. ఆ తర్వాత కోడిగుడ్డు పెంకుని ఉడకబెట్టించి, ఆరబెట్టి, మెత్తగా దంచి పైన చల్లింది. పీత ఒళ్ళు గట్టిపడాలంటే అది కావాలి మరి. ఉప్పు లేదు, కారం లేదు, నూనె చుక్కైనా లేదు. తొట్టె ముందు బోర్లా పడుకుని చూస్తూ ఉంది.

పొద్దు వాలింది. వీధిలో నాన్న సైకిలు ఆగింది. నూకాలు తొట్టె గాజుకి ముక్కు ఆనించింది.

అప్పుడు గుల్లలోంచి ఒక మీసం వచ్చింది. ఆ తర్వాత ఒక కాలు. ఆ తర్వాత గుల్లయ్య గుల్లయ్యే వచ్చాడు. కొబ్బరి తురుము ముందుకాలి డెక్కతో పట్టి నోట్లో పెట్టుకున్నాడు. చేప తిన్నాడు. పెంకు పొడి కూడా వదల్లేదు. నూకాలు ఇల్లు అదిరేలా గెంతింది. అంత పెద్ద మనిషి, అప్పుడే లోపలికొచ్చిన నాన్న కూడా గెంతాడు.

మర్నాటి నుంచి అమ్మ ఉప్పు డబ్బా మీద చెయ్యి వేస్తే చాలు, నాన్నే అడ్డం వచ్చేవాడు.

"ఆగాగు, మా గుల్లయ్య వాటా తీశావా?"

కథేమో కంచికెళ్ళింది,
పీతేమో గుల్లకెళ్ళింది.
నువ్వేమో దుప్పట్లోకి,
నేనేమో నిద్దట్లోకి.