మూడు కళ్ళ పెట్టెలో నాన్న

గరుగుపాలెంలో సింహాద్రి, పైడిరాజు అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే చెప్పారు. ఎవరి తెలివి గురించి వాళ్ళకంటే ఇంకెవరికి బాగా తెలుస్తుంది? సింహాద్రి పెళ్ళాం నూకాలు అయితే, "మా ఇంట్లో వాడగా మిగిలిన తెలివి పక్కింటికి పంపినా వాళ్ళు బాగుపడిపోదురు" అనేది. పక్కింటివాళ్ళు మాత్రం ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

ఎవరైనా ఒక మాట చెబితే అక్షరం పొల్లుపోకుండా చెయ్యడం వాళ్ళ ఇంటి పద్ధతి. మనుషులు చెడిపోయేది సొంత బుర్ర వాడబట్టే అని సింహాద్రి నమ్మకం. ఆ ప్రమాదం ఆ ఇంటికి ఎన్నడూ రాలేదు.

వాళ్ళ తల్లి పైడమ్మ. భర్త సూరప్పడు పోయినప్పటినుంచి ఆవిడకి ఒకటే దిగులు. కదిలే బొమ్మగా ఆయన మిగిలింది ఒక్కచోటే, కూతురు గున్నమ్మ పెళ్ళి వీడియోలో. అందులో ఆయన లడ్డూల పళ్ళెం పట్టుకుని పంక్తిలో నవ్వుకుంటూ తిరుగుతాడు. కానీ టీవీలో ఆయన చింతగింజంత. పైడమ్మకి చూపు మసక.

"ఒరే, మీ నాన్నని ఒక్కసారి మనిషంత మనిషిగా చూపించండ్రా. నాకింకేం అక్కర్లేదు" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"అదెంత పనమ్మా!" అన్నారు ఇద్దరూ.

అంతే. పట్నంలో మూతబడ్డ వీడియో హాల్లోంచి ఒక పాత ప్రొజెక్టరు కొనుక్కొచ్చారు. గేదెదూడంత పెట్టె. ముందువైపు మూడు కళ్ళు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి నీలం. మూడు కళ్ళూ మూడు బొమ్మలు వేస్తాయి, మూడూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడితే అన్ని రంగులూ ఉన్న ఒక్క బొమ్మ అవుతుంది.

కరీముల్లా అనే మెకానిక్ వచ్చి, ఒక గోడకి తెల్లటి తెర కట్టించి, దూరం కొలిచి, పెట్టెని ఎదురుగోడ దగ్గర దింపించాడు. అక్కడ వంటింటి గుమ్మం ఉందని ఆయనకి తెలియదు. ఉందని వీళ్ళు చెప్పలేదు. ఆయన అడగందే ఎలా చెబుతారు?

"చూడండి. దీన్ని ఇక వెంట్రుకవాసి కూడా జరపకండి. గది చీకటిగా ఉండాలి, సూదిమొనంత వెలుతురు రాకూడదు. బొమ్మ చూసే ముందు అరగంట పెట్టె వేడెక్కాలి. రేపొచ్చి మూడు రంగులూ కలుపుతాను" అని కరీముల్లా వెళ్ళిపోయాడు.

ఆయన అలా వెళ్ళాడో లేదో వంటింట్లోంచి కేక.

"ఏమయ్యోయ్! నేను బయటికి ఎలా రాను?"

నూకాలు లోపల పులుసు కాస్తోంది. ఆ వంటింటికి ఆ గుమ్మం తప్ప ఇంకో దారి లేదు.

"ఉండవే, పెట్టెని జరపొద్దన్నారు" అన్నాడు సింహాద్రి.

"నన్ను జరపొద్దన్నారా?"

"నీ సంగతి ఏమీ అనలేదు."

"అయితే నన్నే జరపండి!"

ఇంకేముంది, పైడిరాజు గునపం తెచ్చాడు. వీధివైపు వంటింటి గోడకి పెద్ద కన్నం పెట్టి వదినని జరిపారు. నూకాలు ఒళ్ళంతా సున్నంతో బయటపడి, "ఆ కరీముల్లా ఎంత ముందుచూపున్న మనిషో! పెట్టె రాకపోతే మనకి గాలొచ్చే వంటిల్లు ఎక్కడిది?" అని మురిసిపోయింది.

కన్నంలోంచి గాలే కాదు, ఎండ కూడా వచ్చింది. వంటింట్లోంచి పెట్టె మీదుగా నడింట్లోకి పడింది. సూదిమొనంత కాదు, ఏనుగంత. అంతే, దుప్పట్లు, గోనెసంచులు, నూకాలు చీరలు అన్నీ తెచ్చి కన్నం మూశారు. కిటికీలు మూశారు, చూరు సందుల్లో గడ్డి కుక్కారు. తలుపు బిగించారు. ఎదుటి మనిషి కనపడని చీకటి అయింది.

"చీకటి సరిగ్గా ఉందో లేదో చూడరా" అన్నాడు సింహాద్రి.

పైడిరాజు టార్చిలైటు వేసి చూశాడు. "లేదన్నయ్యా! ఇక్కడ వెలుతురుంది!"

అక్కడ ఒక పరుపు అడ్డం పెట్టారు. ఇంకోవైపు వేశాడు. "ఇక్కడా ఉంది!" అక్కడ చాప పెట్టారు. వాడు ఎటు చూస్తే అటే వెలుతురు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ అయిపోయి, సింహాద్రి తన పంచె విప్పబోతుండగా టార్చిలో బ్యాటరీలు అయిపోయాయి.

"హమ్మయ్య! ఇప్పుడు కుదిరింది" అన్నాడు పైడిరాజు.

ఇక అరగంట పెట్టెని వేడెక్కించాలి. నూకాలు తడుముకుంటూ వెళ్ళి కుంపటి రాజేసి పెట్టె కింద పెట్టింది. వేడి బయటికి పోకుండా పైన గొంగడి కప్పింది. గాలి చొరని ఇంట్లో పొగ నిండిపోయింది. పెంకుల సందుల్లోంచి సన్నగా బయటికి వచ్చింది. ఇంకేముంది, ఇల్లు అంటుకుందనుకుని వీధివీధంతా బిందెలతో పరుగెత్తుకొచ్చి తలుపు తోశారు.

"నీళ్ళు పొయ్యకండి!" అని లోపల్నుంచి ముగ్గురూ ఒక్క గొంతుతో దగ్గుతూ అరిచారు. "ఇంకా అరగంట అవలేదు!"

పైడమ్మ ఆగలేకపోయింది. "రేపటిదాకా ఎందుకురా, ఇప్పుడే చూపించండి" అంది. పెళ్ళి వీడియో డిస్కు పెట్టి మీట నొక్కారు. తెరమీద ముగ్గురు సూరప్పళ్ళు ప్రత్యక్షమయ్యారు. ఎర్రాయన ఎడమపక్క, నీలాయన కుడిపక్క, పచ్చాయన మధ్యలో.

పైడమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఒక్కడితోనే వేగలేక చచ్చానురా. ముగ్గురా?"

"అమ్మా, అసలు నాన్న ఎవరో చెప్పు. మిగతా ఇద్దర్నీ ఆపేస్తాం" అన్నాడు సింహాద్రి.

పచ్చనీ నీలాన్నీ చెంబులతో మూశారు. "ఈయన కాదు. మీ నాన్నకి ఇంత కోపం ఎక్కడిది?" అంది పైడమ్మ. ఎర్రనీ నీలాన్నీ మూశారు. "ఈయనకి కామెర్లు." ఎర్రనీ పచ్చనీ మూశారు. "ఈయన చలికి బిగుసుకుపోయాడు. ఒరే, మీ నాన్న నలుపురా! నిగనిగలాడే నలుపు!"

"ముందే చెప్పొద్దా?" అని మూడు కళ్ళూ మూసేశారు. తెర నల్లగా అయింది.

"ఇప్పుడు సరిగ్గా వచ్చాడమ్మా" అన్నాడు పైడిరాజు.

"కనబడ్డం లేదురా!"

"నల్లటి మనిషి చీకట్లో ఎలా కనబడతాడమ్మా? నువ్వు మరీను."

పైడమ్మ ఆ చీకటికేసి చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు కరీముల్లా వచ్చి కుంపటి చూశాడు, కన్నం చూశాడు, చెంబులు చూశాడు. తల పట్టుకున్నాడు.

"కరెంటు పెడితే అదే వేడెక్కుతుంది కదయ్యా! ఈ కుంపటేంటి?"

"ఆ ముక్క మీరు చెప్పలేదండి" అన్నాడు సింహాద్రి, తప్పు ఒప్పుకోమన్నట్టు.

కరీముల్లా పెట్టె కళ్ళమీద మసి తుడిచి, తెరమీద గళ్ళబొమ్మ ఒకటి వేశాడు. ఎర్ర గీతని కాస్త ఇటు, నీలం గీతని కాస్త అటు జరిపి పచ్చ గీత మీదికి తెచ్చాడు. గీతలన్నీ కలిసి తెల్లబడ్డాయి. అప్పుడు డిస్కు పెట్టాడు.

సూరప్పడు వచ్చాడు. ఒక్కడే. నిలువెత్తు మనిషి, నిగనిగలాడే నలుపు, భుజాన కండువా, చేతిలో లడ్డూల పళ్ళెం. "ఇంకొకటి వేయించుకో బావా" అంటూ ఇటు తిరిగి నవ్వాడు. పైడమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళి, పైట సర్దుకుని నిలబడింది. ఆయన పక్క పంక్తికి వెళ్ళిపోయాడు.

"వెళ్ళిపోయాడు" అంది. ఆ గొంతు విని కరీముల్లా కూడా తల తిప్పుకున్నాడు.

వెళుతూ ఆయన ఇంకో జాగ్రత్త చెప్పాడు. "బొమ్మని ఒకేచోట ఆపి ఉంచకండి. ఆపితే అది లోపలి గాజుకి అంటుకుపోతుంది. ఇక పొమ్మన్నా పోదు."

"పొమ్మన్నా పోదా?" అన్నాడు సింహాద్రి.

"చచ్చినా పోదు."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమంచి కబురు చివర్లో చెబుతాడేంటి ఈ మనిషి! అంతే, నాన్న నవ్వే చోట బొమ్మ ఆపేసి, వినాయకచవితికి ఆపింది దీపావళి దాకా కదపలేదు. ఇంకేముంది, సూరప్పడు గాజుకి అంటుకుపోయాడు. ఆ తర్వాత ఏది పెట్టినా ఆయన ఉన్నాడు. వార్తల్లో మంత్రుల వెనక లడ్డూల పళ్ళెంతో ఆయన. క్రికెట్టులో బంతి వేసేవాడికి అడ్డంగా ఆయన. పైడమ్మ మొహం కళకళలాడింది. రోజూ ఆయన ఎదురుగానే కూర్చుని బియ్యం ఏరుకునేది, కబుర్లు చెప్పేది.

ఇంతలో సాలూరు నుంచి గున్నమ్మ ఫోను. కొడుకు పుట్టాడు, అచ్చం నాన్న పోలికేనట, అమ్మని రమ్మంది.

"మీ నాన్నని వదిలి నేను రాను" అంది పైడమ్మ. "మనవడిని ఆయన చూడొద్దా?"

"పెట్టెని జరపకూడదు కదా అన్నయ్యా" అన్నాడు పైడిరాజు.

సింహాద్రి చాలాసేపు ఆలోచించాడు. అదే పొరపాటు. "ఒరే, నాన్న పెట్టెలో ఎక్కడున్నాడ్రా? తెరమీద కదా ఉన్నాడు!"

మీట నొక్కారు. సూరప్పడు తెరమీదికి రాగానే నూకాలు తెర కింది తాళ్ళు విప్పింది, అన్నదమ్ములు ఆయన జారిపోకుండా కాళ్ళ దగ్గర్నుంచి గబగబా చుట్టేశారు. రెండు చివరలా తాడు కట్టారు. ఊపిరాడదేమోనని మధ్యలో కాస్త వదులుగా ఉంచారు.

బస్సులో కండక్టరు అడిగాడు. "పొడుగ్గా ఏంటది?"

"మా నాన్న" అన్నాడు సింహాద్రి.

కండక్టరు బెదిరిపోయాడు. "పోయాడా?"

"ఎప్పుడో పోయాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు."

కండక్టరు ఇంకేమీ అడక్కుండా ముందుకి వెళ్ళిపోయాడు.

సాలూరులో పసివాడిని ఒళ్ళో పెట్టుకుని గున్నమ్మ కూర్చుంది. పైడమ్మ పక్కన కూర్చుంది. అన్నదమ్ములు తెర విప్పారు. తెల్లటి గుడ్డ. తిప్పి చూశారు. దులిపి చూశారు.

"నాన్నేడిరా?" అంది గున్నమ్మ.

పైడిరాజు నుదురు కొట్టుకున్నాడు. "రామభద్రపురంలో బస్సు టీకి ఆగింది కదా! మనం లెక్క చూసుకోలేదన్నయ్యా!"

"నేనప్పుడే అనుకున్నాను" అంది పైడమ్మ నిట్టూర్చి. "టీ వాసన తగిలితే ఆయన ఆగే మనిషేనా? వెళ్ళి తీసుకురండి. పంచదార తక్కువ వెయ్యమని చెప్పండి."

వెనక్కి వచ్చే బస్సెక్కి ఇద్దరూ రామభద్రపురంలో దిగారు. ఆయన ఎక్కడానికి వీలుగా టీకొట్టు ముందు తెర నేలమీద పరిచి, చెరో అంచు మీదా కూర్చుని మూడు టీలు చెప్పారు.