బుజ్జిమడ నెత్తిన మచ్చల టోపీ

గోదారి సముద్రంలో కలిసేచోట, పడవలు కూడా దూరలేని ఓ సన్నటి పాయ పక్కన, అనగనగా ఒక మడ అడవి. అందులో గిల్లి అనే పిల్ల పీత ఉండేది. దాని బొరియ గుమ్మంలోనే బుజ్జిమడ అనే చిన్న మొక్క. వాడికున్నవి నాలుగే నాలుగు ఆకులు. ఆ నాలుగాకుల నీడే గిల్లి ఇంటిని చల్లగా ఉంచేది. ఇద్దరికీ పొద్దస్తమానం కబుర్లే. ఎంత మంచి రోజులో అవి.

ఆ అడవి పీతలకు ఒక ఆచారం ఉండేది. సముద్రం వెనక్కి తగ్గగానే రాలిన ఆకుల్ని బొరియల్లోకి లాగి, బురదలో కప్పెట్టి, మెత్తబడ్డాక తినాలి. మచ్చలున్న ఆకునైతే అన్నిటికంటే ముందు, అన్నిటికంటే లోతుగా పాతాలి. మచ్చలో బూజు దాక్కుంటుందనీ, వాన చినుకు తగిలితే పక్క ఆకు మీదికి దూకుతుందనీ నల్లమడ తాత రోజూ చెప్పేవాడు. అడవిలో అందరికంటే పెద్ద చెట్టు ఆయనే. గిల్లి విన్నట్టు తలూపేది. తల విడిగా లేదు గనక కళ్లూపేది.

ఒకసారి ముసురు పట్టింది. తాత కొమ్మ నుంచి ఓ ఆకు రాలింది. గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ పసుపు అంచు. గిల్లి కంటికి అది అచ్చం అద్దకం గుడ్డలా ఉంది. పాతెయ్యకుండా తీసుకెళ్లి బుజ్జిమడ నెత్తిన పెట్టింది.

"పెళ్లికొడుకు టోపీ పెట్టుకున్నాడహో" అని ముసురు ఉన్న మూడు రోజులూ వాణ్ణి ఏడిపించింది. వాడూ తెగ మురిసిపోయాడు.

నాలుగో రోజు ఎండ కాసింది. టోపీ తీసి చూస్తే బుజ్జిమడ ఆకు మీద ఓ గోధుమ చుక్క. పుట్టుమచ్చేలే అని గిల్లి నవ్వేసింది. మర్నాడు రెండో ఆకుకీ వచ్చింది. దిష్టిచుక్క అంది గానీ, ఈసారి నవ్వు సరిగ్గా రాలేదు. ఆ మర్నాడు మూడో ఆకుకీ వచ్చింది. తాతకి చెబితే తిట్లు తప్పవు. చెప్పకపోతే బుజ్జిమడ దక్కడు.

గిల్లి బురదలో అడ్డంగా పరుగెత్తి తాత దగ్గరికి పోయింది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

తాత తిట్టలేదు. "మచ్చలున్న మూడూ కోసి లోతుగా పాతు. నువ్వే కొయ్యాలి, నాకు నీలా కత్తిరించే డెక్కలు లేవుగా" అన్నాడు.

"ఒక్క ఆకుతో బతుకుతాడా తాతా?"

"చెప్పలేనమ్మా. ఆ మూడూ ఉంటే మాత్రం బతకడు."

గిల్లి మూడూ కోసింది. బొరియ అడుగుదాకా లాక్కెళ్లి పాతింది. నీడ పోయి ఇల్లు పెనంలా కాలుతున్నా వేరే చోటికి పోలేదు. రోజూ ఆ ఒక్క ఆకునీ అటూ ఇటూ తిరిగి చూసుకునేది. పదిహేను రోజులకి, కొసన రెండు లేతాకులు జంటగా విచ్చుకున్నాయి.

ఏళ్లు గడిచాయి. నల్లమడ తాత ఓ తుఫానుకి ఒరిగిపోయాడు. బుజ్జిమడ పెద్దవాడై పూతకొచ్చాడు. ఒక సాయంత్రం కొమ్మల్లో తేనెటీగలు సద్దుమణిగాక గిల్లితో అన్నాడు.

"ఆ రోజు నువ్వు కోస్తుంటే ఎంత నొప్పేసిందో తెలుసా?"

"తెలుసు. నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను."

"చాల్లే. ఒక్క బొట్టు కూడా చూళ్లేదు నేను."

"పోటు వచ్చేదాకా ఆగి, నీళ్లలో మునిగి ఏడ్చాను. ఉప్పునీళ్లలో ఉప్పునీళ్లు. నీకెలా కనిపిస్తాయిరా?"

నీతి: సరదాకి చేసిన తప్పయినా, దాచిన కొద్దీ పాకుతుంది. ఒప్పుకున్న రోజు నుంచే అది ఆగడం మొదలవుతుంది.