ముందు ఊదు, తర్వాత పీల్చు

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద అడవిలో ఒక కణుజు ఉండేది. కణుజంటే తెలుసుగా, పెద్ద కొమ్ముల జింక. దానికి తన రొమ్ము చూసుకుంటే మహా మురిపెం. ఎప్పుడూ గాలి నిండా పీల్చి, రొమ్ము పొంగించుకునే తిరిగేది.

ఆ ఎండాకాలం వాగు ఎండిపోయింది.

"ఎల్లుండి పొద్దున్నే కొండ దాటుతాం. అవతల మడుగులో నీళ్లున్నాయి. పిల్లలు దాహంతో ఉన్నారు, వెనకబడినవాళ్ల కోసం ఆగలేం" అంది మందకు పెద్దయిన ముసలి జింక.

కణుజు వెంటనే కొండ ఎక్కి చూసింది. సగానికే రొప్పు వచ్చింది. సాయంత్రం ఇంకాస్త గాలి బిగబట్టి ఎక్కింది. సగం కూడా పోలేకపోయింది. మర్నాడు ఇంకా గట్టిగా బిగబట్టింది. మొదట్లోనే కూలబడింది. పాపం, ఏడుపొచ్చేసింది.

పక్కనే ఎలుగుబంటి పెద్దమ్మ చెదపుట్ట తవ్వుతోంది. పుట్టకు మూతి ఆనించి ముందు 'ఫూ' అని దుమ్ము ఊదేది. తర్వాత జుర్రున చెదలు పీల్చేది.

"ఎందుకురా నాయనా ఏడుపు?" అంది.

"ఎంత పీల్చినా గాలి చాలడం లేదు పెద్దమ్మా."

"మరి వదులుతున్నావా?"

"వదలడమెందుకు? దాచుకుంటున్నాగా!"

ఎలుగుబంటి పకపకా నవ్వింది. "పిచ్చి సన్నాసీ! ఊపిరితిత్తుల్లో బోలెడన్ని బుల్లి గాలి అరలుంటాయి. పై అరలు ముందే ఉబ్బి ఉంటాయి, వాటికి కొత్త గాలి కొంచెమే పడుతుంది. కింది అరలు ముడుచుకుని ఉంటాయి. పీల్చిన గాలిలో పెద్ద వాటా వాటిదే. నువ్వు వదలకుండా అన్నిటినీ నింపి పెట్టావు. నిండిన కుండలో ఇంకెక్కడ పోస్తావు? నన్ను చూడు, ఊదకుండా పీలిస్తే నోటినిండా మట్టే."

"వదిలితే రొమ్ము చిక్కిపోతుంది పెద్దమ్మా. మందంతా నవ్వుతుంది."

"నవ్వితే నవ్వనీ. నవ్వేవాళ్ల వెనకైనా కొండ దాటుతావుగా!"

తెల్లవారింది. మంద బయలుదేరింది. సగం కొండ దగ్గర కణుజుకు మళ్లీ రొప్పు వచ్చింది. బిగబట్టాలనిపించింది. ముందు మంద దూరమైపోతోంది. కణుజు కళ్లు మూసుకుని 'ఫూ' అని గాలంతా ఊదేసింది. రొమ్ము చిక్కింది. ఒక లేడి కిసుక్కున నవ్వింది. కణుజుకు సిగ్గేసింది. అయినా మెల్లగా పీల్చింది. చల్లటి గాలి అడుగుదాకా దిగింది. మళ్లీ ఊదింది, మళ్లీ పీల్చింది. అలాగే ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయింది.

ఆ రోజు మందలో అందరికన్నా చివర నీళ్లు తాగింది కణుజే. చివరనైతేనేం, కడుపారా తాగింది.

నీతి: కొత్త ఊపిరి కావాలంటే పాతది వదలాలి. గొప్పకు పోయి బిగబడితే ఉన్నదీ అక్కరకు రాదు.