మాటల్లేని కార్డులు

పెడనలో కాత్యాయని అనే ఇల్లాలు ఉండేది. ఆమె చేతిలో పనితనం ఎంత ఉండేదో, ఇంట్లో ఏ మంచి జరిగినా అది తన చేతిమీదుగానే జరిగినట్టు కనబడాలనే యావ కూడా అంతే ఉండేది.

తోడికోడలు ఝాన్సీ పొద్దుటే లేచి గోంగూర పప్పు వండేది. అందరూ కంచాల ముందు కూర్చునే వేళకి కాత్యాయని గరిటె పట్టుకుని వచ్చి, "పోపు నేనే పెట్టాను" అనేది. నిజమే, పోపు ఆవిడే పెట్టేది. గోంగూర ఒలిచింది ఎవరో, పప్పు ఎనిపింది ఎవరో మాత్రం చెప్పేది కాదు. ఝాన్సీ నవ్వేసి ఊరుకునేది. నవ్వి ఊరుకునేవాళ్ళు ఇంట్లో ఉన్నంతకాలం ఇలాంటి గుణాలకి లోటుండదు.

వాళ్ళ మామగారు పోతురాజు అద్దకం పనిలో చేయి తిరిగినవాడు. చెక్క అచ్చులని రంగులో అద్ది, బట్ట మీద వరసగా ఒత్తి, తానులకి తానులు పూయించినవాడు. వయసు మీదపడి భుజం పట్టేసింది. బట్టల పని కూడా తగ్గిపోయింది. వసారాలో గోనెపట్టా పరిచిన అద్దకం బల్ల మాత్రం అలాగే ఉండిపోయింది. దాని ముందు స్టూలు వేసుకుని, ముసలాయన దళసరి కాగితాల మీద పూలూ లతలూ ఒత్తుకుంటూ కాలక్షేపం చేసేవాడు.

పెద్దకొడుకు రాఘవులు, అంటే కాత్యాయని భర్త, ఆ బల్ల మీద ఎప్పుడో కన్నేశాడు.

"ఊరికే చోటు తినేస్తోంది. తీసేస్తే నా బండి నీడపట్టున పెట్టుకోవచ్చు" అనేవాడు.

పోతురాజు తలవంచుకుని అచ్చులు సర్దుకునేవాడు. ఆ పూట అన్నం మాత్రం సగమే తినేవాడు.

అది చూసి కోడళ్ళిద్దరికీ ప్రాణం ఉసూరుమనేది. ఆ కాగితాలని కత్తిరించి, అట్టల మీద అతికించి, గ్రీటింగ్ కార్డులు చేయడం మొదలుపెట్టారు. ఆ ఆలోచన ఎవరిదని అడిగితే కాత్యాయని తనదే అంటుంది. ఝాన్సీని ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడ ఏమీ చెప్పలేదు.

బెజవాడలో చేతిపనుల కొట్టు నడిపే సుభాషిణి ఒకసారి బట్టలకోసం పెడన వచ్చింది. ఎవరో చెబితే వీళ్ళ కార్డులు చూడడానికి ఇంటికి వచ్చింది. తిప్పి తిప్పి చూసి, కుర్చీలో కూర్చుంది.

"ఆరు కార్డులు ఒక పెట్టెలో పెట్టి అమ్ముతాను. ఆరూ ఒకేలా ఉండక్కర్లేదు గానీ, ఒక సెట్టులా ఉండాలి. చూడగానే ఇవన్నీ ఒక కుదురువి అనిపించాలి. లోపల మాటలు వద్దు. పుట్టినరోజనీ, పెళ్ళిరోజనీ ఏమీ రాయకండి. కొనుక్కున్నవాళ్ళు ఏం రాసుకుంటారో వాళ్ళిష్టం. నాకు మాటల్లేని కార్డులు కావాలి" అంది.

"మీకు నచ్చితేనో?" అడిగింది కాత్యాయని.

"నచ్చితే నెలనెలా తీసుకుంటాను. మీ మావయ్య గారికి ఇక తీరిక ఉండదు. రెండు వారాల్లో మళ్ళీ ఇటు వస్తాను, చేసి ఉంచండి."

నచ్చకపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. వసారా మెట్ల దగ్గర రాఘవులు బండి తుడుచుకుంటున్నాడు.

పోతురాజుకి పోయిన ఓపిక తిరిగొచ్చినట్టయింది. ఒక కాగితం నిండా ఇటుకరంగు మొగ్గలు ఒత్తాడు. ఇంకో కాగితం మీద ఆవపువ్వు రంగు చుక్కలు, మరో కాగితం మీద నల్లటి జాలీ గళ్ళు. చివరికి అటక మీదనుంచి పాత నెమలి అచ్చు దింపించాడు. అది ఆయన తండ్రి నాటి టేకు చెక్క. మెడ దగ్గర సన్నని బీట ఉంది. నీలిరంగులో అద్ది, చెయ్యి వణక్కుండా ఒత్తాడు. ఒక నెమలి పడింది. పక్కన రెండోది పడింది. మూడోది పడి, పైకి తీస్తుండగా అచ్చు టప్పున రెండుగా చీలిపోయింది. నెమళ్ళ మధ్య ఖాళీలో చిన్న అచ్చుతో లతలు నింపి, పగిలిన చెక్కని కిటికీలో పెట్టాడు.

"ఇంకో కాగితం రాదమ్మా. ఉన్నదాన్నే చూసి వాడుకోండి" అన్నాడు.

ఆ నెమళ్ళ ముందు మిగతా కాగితాలు వెలవెలబోయాయి. కాత్యాయని మరో ఆలోచన లేకుండా దాన్ని దినపత్రికలో చుట్టి, తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

"చెరో మూడు కార్డులు చేద్దాం. నెమళ్ళు నేను చూసుకుంటాలే. నువ్వు మొగ్గలూ చుక్కలూ జాలీ తీసుకో" అంది.

"అక్కా, ఆవిడ సెట్టు అంది కదా. నెమలి కాగితంలో నాకూ కాస్త పీలిక ఇవ్వు. కనీసం అంచులకి వేస్తాను" అంది ఝాన్సీ.

"పీలికలుగా కోస్తే నెమలి ఏం మిగులుతుంది? తల ఒక చోటా తోక ఒక చోటా అయిపోదూ?"

మాట సబబుగానే ఉంది. దాని వెనకున్న బుద్ధే సబబుగా లేదు. అది ఝాన్సీకి తెలుసు. ఇన్నాళ్ళూ పోపు విషయంలో నవ్విన మనిషి ఈసారి నవ్వలేదు. తన మూడు కాగితాలూ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి తోడికోడళ్ళకి మాటల్లేవు.

ఒకే వసారాలో, ఒకే బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని పని చేశారు. జిగురు గిన్నె కావాలంటే, "మావయ్య గారూ, గిన్నె ఇటు జరపమనండి" అనేది కాత్యాయని. "మావయ్య గారూ, పని అవ్వగానే జరుపుతానని చెప్పండి" అనేది ఝాన్సీ. గిన్నె ఇద్దరికీ చేతికందే దూరంలోనే ఉండేది. పాపం ముసలాయన రెండు రోజులు చూశాడు, మూడోనాడు స్టూలు తీసుకుని వీధరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాడు.

కాత్యాయని ఒక్కో కార్డుకి ఒక్కో నిండు నెమలిని అతికించింది. ఎంత బాగా కుదిరాయో చెప్పడానికి లేదు. అందరికీ చూపించి పొగిడించుకుంది. ఝాన్సీ కూడా తన మూడు కార్డులూ పొందికగా చేసింది, మొగ్గల చుట్టూ జాలీ అంచు, మూలల్లో చుక్కలు. అట్ట ఎంత పొడవు కొయ్యాలి, మడత పక్కకా పైకా అని ఒకరినొకరు అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి మరి.

సుభాషిణి చెప్పినట్టుగానే వచ్చింది. కాత్యాయని ఆరు కార్డులూ తెచ్చి బల్లమీద వరసగా పేర్చింది. ఝాన్సీ గుమ్మం పక్కన నిలబడింది. పోతురాజు అరుగు మీదనుంచి లేచి లోపలికి వచ్చాడు.

సుభాషిణి ఒక్కో కార్డూ తెరిచి చూసింది. నెమలి కార్డులు నిలువుగా ఉన్నాయి, పక్కకి తెరుచుకుంటున్నాయి. మొగ్గల కార్డులు అడ్డంగా ఉన్నాయి, పైకి తెరుచుకుంటున్నాయి. పైగా అంగుళం పొట్టి. తను తెచ్చిన కవర్లలో ఒక్కోటీ పెట్టి చూసింది. కొన్ని ఇరుక్కున్నాయి, కొన్ని లోపల ఊగులాడాయి.

"ఇవి రెండిళ్ళలో చేయించారా?" అడిగింది.

"లేదండీ, మేమిద్దరమే చేశాం. ఈ బల్లమీదే" అంది కాత్యాయని.

సుభాషిణి ఒకసారి ఈవిడ ముఖం, ఒకసారి గుమ్మం పక్కనున్న ఆవిడ ముఖం చూసింది.

"మాటల్లేని కార్డులు చేయమన్నాను, నిజమే. లోపల మాటలు వద్దన్నానమ్మా. ఇవేమిటి, వీటికీ వాటికీ మధ్యే మాటల్లేనట్టుంది?"

ముసలాయన కిటికీవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. కాత్యాయనికి తల కొట్టేసినట్టయింది.

"ఈ నెమళ్ళు మాత్రం ముద్దొస్తున్నాయి. ఇవెవరు చేశారో గానీ మంచి పనితనం. ఇలాంటివే ఇంకో మూడుంటే చెప్పండి, ఇప్పుడే తీసుకుపోతాను" అంది సుభాషిణి.

అచ్చంగా అలాంటి మాటకోసమే కాత్యాయని ఇన్నాళ్ళూ చెవులు రిక్కించుకుని ఉంది. తీరా వినబడ్డాక అది దేనికీ పనికిరాలేదు. అచ్చు పగిలిపోయింది. కాగితం అయిపోయింది. ఉన్న నెమళ్ళన్నీ ఆ మూడు కార్డుల్లోనే ఉన్నాయి.

"లేవండి" అంది చిన్నగా.

"సరే, బందరులో నాకు పనుంది. సాయంత్రం ఈ దారినే వెళ్తాను. ఈలోపల ఏమైనా చేయగలిగితే చూస్తాను. లేకపోతే ఏమీ అనుకోకండి" అని కొలతకి ఒక కవరు బల్లమీద వదిలి సుభాషిణి ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరగకముందే రాఘవులు వచ్చి బల్ల పొడవు జానలతో కొలవడం మొదలుపెట్టాడు. పోతురాజు అది చూడలేక కళ్ళు దించుకున్నాడు. కాత్యాయనికి ఆ క్షణంలో తనమీద తనకే అసహ్యం వేసింది. ఈ బల్ల పోతే అది తన ట్రంకుపెట్టె వల్లే పోతుందని ఆవిడకి అర్థమైంది.

పెరట్లో ఝాన్సీ గిన్నెలు బోర్లిస్తోంది. కాత్యాయని వెళ్ళి పక్కన నిలబడింది.

"ఝాన్సీ, నువ్వడిగిన పీలిక ఇస్తాను" అంది.

"ఇంకెక్కడి పీలిక అక్కా? మొత్తం అతికించేశావుగా."

"మరి ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటినుంచీ ఝాన్సీ అక్క నోట ఆ మాట వినలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని వసారాలోకి వచ్చింది. నెమలి కార్డుల ముందు నిలబడి ఆలోచించింది.

"నెమళ్ళని ఊడదీయాలి. ఊడదీసి కొయ్యాలి" అంది.

కాత్యాయని ముఖం పాలిపోయింది. నాలుగు రోజులు వంగి కూర్చుని చేసిన పని. కిటికీలోని పగిలిన అచ్చుకేసి చూసింది.

"కోస్తే మళ్ళీ రాదు మావయ్య గారూ" అంది.

"దాచుకున్నా రాదమ్మా" అన్నాడు పోతురాజు.

కాత్యాయని లోపలికి వెళ్ళింది. తడిగుడ్డ తెచ్చి కార్డుల మీద పరిచింది. క్రితం రోజు అతికించిన మైదా జిగురే కాబట్టి కాసేపటికి నాని వదిలింది. రంగు బాగా ఆరి ఉండడంతో చెదరలేదు. మూడు నెమళ్ళనీ ఎండలో ఆరబెట్టి, కత్తెర తనే పట్టుకుంది. ఎక్కడ కొయ్యాలో ఝాన్సీ వేలితో గీసి చూపించింది. మొదటి నెమలిని కోసేటప్పుడు కాత్యాయని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోదానికి తిరగలేదు. మూడోదాన్ని కోసేటప్పుడు, "ఇంకాస్త వంపు ఇస్తే తోక బాగా కనబడుతుందేమో" అని ఆవిడే అంది.

అట్టలు కొత్తవి తీసి, ఆరూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఆ కవరు కొలతకి కోశారు. మడతలన్నీ పక్కకే. ఝాన్సీ తన దగ్గర మిగిలిన మొగ్గలూ చుక్కలూ జాలీ తెచ్చి మధ్యలో పోసింది. ఒక కార్డులో నెమలి మెడ, వెనక మొగ్గలు. పక్క కార్డులో ఆ నెమలి తోక, వెనక చుక్కలు. జాలీ అంచు ఆరింటికీ వేశారు. ట్రంకుపెట్టె అడుగున పడివున్న లతల తునకలు కూడా కాత్యాయని ఏరి తెచ్చింది. అవి ఒక కార్డు అంచునుంచి పక్క కార్డు అంచుకి పాకినట్టు అతికాయి. ఆ మధ్యాహ్నం జిగురు గిన్నె ఎన్నిసార్లు అటూ ఇటూ వెళ్ళిందో ఎవరూ చూడలేదు. మధ్యవర్తి అవసరం లేకపోయేసరికి ముసలాయన స్టూలు తెచ్చుకుని బల్ల దగ్గరే కూర్చున్నాడు.

సాయంత్రం సుభాషిణి వచ్చేసరికి కార్డులు ఆరుతూ ఉన్నాయి. ఈసారి ఝాన్సీయే వాటిని వరసగా పేర్చింది. పక్కపక్కన పెట్టగానే మూడు నెమళ్ళు కార్డుల మీదుగా నడిచిపోతున్నట్టు కనబడ్డాయి. ఒక కార్డు తీస్తే రెండోది వెలితిగా తోచింది.

సుభాషిణి ఒకటి చేతిలోకి తీసుకుంది. వెంటనే పక్కది కూడా తీసుకుంది. తనే నవ్వింది.

"చూశారా, ఒకటి తీస్తే చెయ్యి ఊరుకోవట్లేదు. సెట్టు అంటే ఇదీ. వచ్చే నెల ఏ బొమ్మ వేసినా నాకు పరవాలేదు, ఇలాగే పంచి వెయ్యండి" అంది. కవర్లలో ఒక్కోటీ పెట్టి చూసింది. అన్నీ చక్కగా పట్టాయి.

వెళ్ళబోతూ, "ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగింది.

వసారాలో అందరూ కాత్యాయనికేసి చూశారు. ఆవిడ నోరు తెరిచింది. పాత అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది.

"ఝాన్సీదండీ. కొయ్యమన్నది తనే" అంది. ఒక్క క్షణం ఆగి, "కోసింది మాత్రం నేనే" అంది.

ఝాన్సీకి నవ్వు ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది.

బల్ల వసారాలోనే ఉండిపోయింది. రాఘవులు బండికి పట్టా కప్పి వీధిలోనే పెట్టుకున్నాడు. ఆ రాత్రి పోతురాజు మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు. పప్పు వండింది ఝాన్సీ, పోపు పెట్టింది కాత్యాయని. ఆ సంగతి కాత్యాయనే వరసగా, వండినవాళ్ళ పేరు ముందు చెప్పింది.

ఉన్న మంచినంతా ఒక్కరే దాచుకుంటే పక్కవాళ్ళు వెలవెలబోతారు, దాచుకున్నవాళ్ళు ఒంటరవుతారు. దాన్ని కోసి అందరికీ పంచితేనే అందరూ ఒక్కటిగా నిలుస్తారు.