దాలమ్మ తోలిన కొంగలు

ఏ రాజు ఏలిన కాలమో చెప్పేవాళ్లు లేరు. బీలలో ఇంకా నీళ్లున్న రోజులని మాత్రం చెబుతారు. బీలంటే ఊరి దిగువన తడారని పల్లపు నేల.

ఆ బీల గట్టున దాలమ్మ ఉండేది. తుంగ కోసి చాపలల్లేది. మొగుడు పోయాడు, బిడ్డలు లేరు. ఏటా తొలకరికి కొంగలొచ్చేవి. గట్టు చెట్ల మీద గూళ్లు కట్టి, బీలలో నత్తలేరి పిల్లలకు పెట్టేవి. "నా ఆడపిల్లలు పురిటికొచ్చారు" అనేది దాలమ్మ. అవి ఉన్నన్నాళ్లూ గట్టున గట్టిగా మాట్లాడేది కాదు.

తర్వాత కరెంటు పుట్టించే కొలిమి వచ్చింది. రేయింబవళ్లు రాతిబొగ్గు మండింది. కాలిన బూడిదను నీళ్లలో కలిపి బీలలోకి వదిలారు.

మొదటి ఏడు నత్తలు చచ్చాయి. కొంగలొచ్చాయి, గుడ్లు పెట్టాయి. పిల్లలు ఆకలికి పోయాయి.

రెండో ఏడు బీలంతా బూడిద నిండింది. పైన నీటి తళుకు, కింద ఊబి. కొంగలొచ్చాయి, వాలాయి, దిగబడ్డాయి. దాలమ్మ నడుంలోతు దిగి మూడింటిని లాగింది. మూడూ ఆమె ఒళ్లోనే పోయాయి.

ఆమె కొలిమి దొర దగ్గరికెళ్లింది.

"బాబూ, ఆ బూడిద ఇంకోచోట పొయ్యండి."

"ఇంకోచోటా ఎవరిదో ఒకరి చెరువుంటుంది కదమ్మా" అన్నాడు దొర. చెడ్డవాడు కాదు. కూర్చోమని మంచినీళ్లిచ్చాడు. అంతకు మించి ఏమీ ఇవ్వలేదు.

మూడో ఏడు తొలకరి పడింది. మబ్బు కింద తెల్లటి గీత కనబడింది. దాలమ్మ కంచం, గరిటె పట్టుకుని గట్టెక్కి మోగించింది.

"ఎల్లిపోండి. ఇది మీ పుట్టిల్లు కాదు. ఎల్లిపోండి."

కొంగలు బీల చుట్టూ తిరిగాయి. ఆమె మోగించింది. మళ్లీ తిరిగాయి. మళ్లీ మోగించింది.

పక్కింటి పోలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఒదినా, పురిటికొచ్చిన పిల్లల్ని తోలేస్తావా? అవెక్కడికెల్తాయి?"

"నాకు తెల్దు" అంది దాలమ్మ. "ఇక్కడైతే చస్తాయి. అదొక్కటే తెలుసు."

మూడు రోజులు మోగించింది. మూడోరోజు పొద్దువాలే వేళకు కొంగలు దక్షిణానికి మళ్లాయి. దాలమ్మ కంచం కింద పెట్టి గట్టున కూలబడింది. తెల్లారి పోలమ్మ గంజి తీసుకెళ్తే, ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

కొంగలు మళ్లీ రాలేదు. ఎక్కడైనా వాలాయో, వాలే చోటు లేక రాలిపోయాయో, ఏ ఊరివాళ్లూ చెప్పలేదు. నాలుగేళ్లకు బూడిద ఇళ్లలోకీ వచ్చింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో బావులు చెడి, పొలాలు చచ్చాక, తల్లులే బిడ్డలకు మూటలు కట్టిచ్చి పొమ్మంటారు. బిడ్డలు వెనక్కి తిరిగి చూస్తే, కసిరి మరీ పొమ్మంటారు. చూసినవాళ్లు ఆ తల్లిని తప్పుపట్టరు.

"దాలమ్మ తోలుడమ్మా ఇది" అంటారు.